ఆరో గదిలో నీలం తలుపు

ఆరో గది పేరు చెబితే ఆ భవనంలో పిల్లులు కూడా మెట్లు దిగేవి కావు.

నేల కింద ఉన్న గది అది. పైన నాలుగంతస్తుల నిండా కాపురాలు, కింద ఆరు గదులు. ఐదింటిలో విరిగిన కుర్చీలు, పాత సైకిళ్ళు. ఆరోదాంట్లో ఏమీ లేదు. కిటికీ లేదు, గాలి లేదు. ఉన్నదల్లా ఒక ఇనప తలుపు, ఒక బల్బు, ఇంకా... ఊపిరి.

ఎవరి ఊపిరో తెలియదు. లోపల ఒక్కరే ఉన్నా ఇద్దరి ఊపిరి వినిపించేదట.

మొదట ఒక దర్జీ అద్దెకి దిగాడు. మూడో రాత్రికే మిషనూ కత్తెరా, జనం కుట్టడానికిచ్చిన పద్దెనిమిది లాగూలూ వదిలేసి పరుగందుకున్నాడు. ఇప్పటికీ పరుగెడుతూనే ఉన్నాడని చెప్పేవాళ్ళున్నారు. ఆ తర్వాత పుస్తకాలకి అట్టలు వేసేవాడొకడు వచ్చాడు. వాడు పొద్దున్నే దొరికాడు — గోడకి నుదురు ఆనించి, నిలువుగా, కళ్ళు తెరుచుకునే. "గోడ దగ్గరికొస్తోంది... ఆపండి... ఆపండి..." అంటూ. వచ్చినప్పుడు కుండలా ఉన్నవాడు వెళ్ళేటప్పుడు గరిటె కాడలా వెళ్ళాడు. గోడలు నొక్కేశాయని ఇంటి యజమానురాలు చెప్పేది, మొహంలో నవ్వు లేకుండా.

అలాంటి గదిని నోరు తెరిచి అడిగి మరీ తీసుకున్నవాడు ఒక్కడే — ఫోమ్ మేస్త్రి.

ఫోమ్ మేస్త్రి అంటే బొమ్మ ఇళ్ళు చేసేవాడు. బిల్డర్లు ఇంకా పునాది తవ్వని అపార్ట్‌మెంట్లని గాజుపెట్టెలో పెట్టి చూపిస్తారే, చెట్లూ కార్లతో సహా... అవి. జుట్టులో, కనుబొమల్లో, ముక్కుపుటాల్లో ఎప్పుడూ ఫోమ్ పొడే. తుమ్మితే వీధంతా మంచు కురిసేది. ఆయన కాపురం అదే భవనంలో, మూడో అంతస్తులో.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. తలుపు తట్టకూడదు.

పాలవాడైనా సరే, చుట్టాలైనా సరే, మెట్ల మీదనుంచే పిలవాలి. లేదా దగ్గాలి. పోస్టాయన అయితే పాట పాడేవాడు, పాపం, గాడిదలు సిగ్గుపడేలా. ఎందుకంటే ఆ ఇంట్లో మేస్త్రి మావగారున్నారు. ఎప్పుడో ముప్ఫై ఎనిమిదేళ్ళ కింద సిపాయిగా పనిచేసినాయన. తలుపు మీద ఒక్క దెబ్బ పడితే చాలు, మంచం కిందికి దూరేవారు. అక్కడినుంచి "దారి లేదు... దారి లేదు..." అని గొణుగుతూ తెల్లవార్లూ.

ఒక రాత్రా, రెండు రాత్రులా! రోజూ నిద్రలో అదే పాట. ఎక్కడో ఒక వీధి. రెండువైపులా ఇళ్ళు, రెండు చివర్లా కూలిన గోడలు, మధ్యలో ఆయన. మూడు రోజులు ఆ వీధిలో ఇరుక్కుని ఒంటరిగా బయటపడ్డారని మాత్రం ఇంట్లోవాళ్ళకి తెలుసు. మిగతాది అడిగితే నోరు కుట్టేసుకునేవారు.

కిందటి నెలలో సంగతి ముదిరింది. కొత్తగా వచ్చిన గ్యాస్ మనిషి తెలియక తలుపు తట్టాడు. మావగారు గడియ వేసి, బీరువా అడ్డం జరిపి, లోపల కూర్చున్నారు. కూతురు బయట, పొయ్యి మీద పాలు లోపల. "నాన్నా, నేను... తియ్యి నాన్నా..." అని ఆమె గొంతు పోయేదాకా అరిచింది. ఆయన తీయలేదు. ఫైరింజన్ వాళ్ళొచ్చి తలుపు పగలగొట్టేసరికి ఇల్లంతా పొగ.

దాంతో బావమరిది కాగితాలు తెచ్చాడు.

"బావా, నేను చెప్తే చెడ్డవాణ్ణవుతాను. కానీ ఆ సంరక్షణ కేంద్రంలో డాక్టర్లుంటారు, నర్సులుంటారు..."

"కిటికీలకి ఊచలు కూడా ఉంటాయి," అంది అతని అక్క — అంటే మేస్త్రి భార్య. "గది తలుపు బయటినుంచి వేస్తారు. నేను చూసొచ్చాను."

"ఇక్కడుంటే నిన్ను తగలబెట్టేస్తాడే అక్కా!"

ఆ కేంద్రం బండి ఒక సోమవారం వస్తుందని ఖాయమైంది. దానికింకా మూడు వారాలు.

ఆయన్ని చూడటానికి ఇంటికొచ్చిన మనసు డాక్టరమ్మ మాత్రం వెళ్ళేముందు ఒక మాట అంది. "ఆయన ఇప్పటికీ ఆ వీధిలోనే ఉన్నారు. ఒక్కసారి ఆ వీధిని పైనుంచి, చేతికందేంత చిన్నదిగా చూడగలిగితే... చెప్పలేం, బయటికి రావచ్చు."

చేతికందేంత చిన్న వీధి! అంతే, మేస్త్రి ఆ రాత్రి అన్నం తింటూ తింటూ చేత్తో పళ్ళెంలోనే సందులు గీశాడు. చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళి ఆరో గది అడిగాడు. అంత పెద్ద వీధి పట్టే చోటు ఇంకెక్కడుంది?

"దెయ్యం ఉందయ్యా," అంది యజమానురాలు.

"ఉండనీండి. అది కూడా అద్దెలో సగం ఇస్తుందా?"

పని మొదలైంది.

గులాబీ రంగు గట్టి ఫోమ్ పలకలు తెచ్చాడు. మామూలు థర్మకోల్‌కి పెద్దన్న లాంటిది అది, గుళ్ళు గుళ్ళుగా రాలదు. మనిషంటే వేలెడంత, ఇల్లంటే జానెడు పైన. వేడి తీగతో వెన్న కోసినట్టు కోశాడు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ఒక్కొక్క ఇటుక గీశాడు — లక్షా పదివేల ఇటుకలు, ఒకటి తక్కువైతే అడగండి. రేకు కాగితాన్ని ఉండచుట్టి ఆ గోడల మీద దొర్లించాడు, రాయికి గరుకు రావడానికి. అగ్గిపుల్లల తలలు కత్తిరించి కిటికీలు చేశాడు. నలిపిన ఫోమ్, ఇసుక కలిపి శిథిలాలు పోశాడు. డబ్బా స్ప్రే రంగు జోలికి మాత్రం పోలేదు. అది ఫోమ్‌ని ఎండలో మంచులా తినేస్తుంది. ముందు జిగురు కలిపిన నల్లరంగు, దాని మీద బూడిద, దాని మీద మసి.

మావగారు కిందికి దిగేవారు కాదు. ముక్కముక్కా పైకి తెచ్చి చూపించాలి.

"ఇదేమిటి అల్లుడూ? అమ్మకానికి పెట్టిన ఇల్లులా ఉంది."

"గోడ బాగుంది కదండీ మావగారూ?"

"బాగుండటమే తప్పు. ఆ మూలంతా పేలిపోయి ఉండాలి. ఇక్కడ పొగ. ఇక్కడ... ఎవరో చెయ్యి పెట్టి జారారు."

చేతి గుర్తు కూడా వేశాడు మేస్త్రి.

అలా చెప్పీ చెప్పీ ఒకచోట ఆగిపోయేవారు ఆయన. "ఎడమవైపు మూడో ఇల్లు. నీలం తలుపు." అంతే. ఆపైన ఎంత కదిపినా పెదవి విప్పేవారు కాదు.

నీలం తలుపు గీశాడు మేస్త్రి. రెక్కలూ, మేకులూ, గడియ కొండీతో సహా. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకి తప్ప తెలియని సంగతొకటుంది ఇక్కడ. బొమ్మ ఇళ్ళకి లోపల ఉండదు. నిండు దిమ్మ మీద తలుపు బొమ్మ గీస్తారు, కిటికీ బొమ్మ గీస్తారు. చూసేవాడు బయటే ఉంటాడు కదా, లోపలెందుకు? ముప్ఫై ఏళ్ళుగా మేస్త్రి ఇళ్ళన్నీ అలాగే కట్టాడు.

సిపాయిల బొమ్మలు ఐదు చేయమన్నారు మావగారు. "మీరు?" అంటే వినిపించనట్టు ఊరుకున్నారు.

బండి రావడానికి ముందు వారం వచ్చింది. వీధి దాదాపు పూర్తయింది. ఆదివారం సాయంత్రం మావగారు చూడాలి.

బుధవారం పొద్దున్న మేస్త్రి గది తలుపు తీశాడు. బల్బు వేశాడు.

వీధి మొత్తం రాత్రి వదిలినట్టే ఉంది. ఒక్కచోట తప్ప...

నీలం తలుపు మీద గీతలు. పైనుంచి కిందికి — నాలుగు. గోళ్ళతో గీరినట్టు. రంగు లేచిపోయి, కింద గులాబీ రంగు ఫోమ్ బయటపడింది. తోలు లేచిన ఒంటిలా.

ఎలుక అనుకున్నాడు. పుట్టీ పూసి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ నీలం వేశాడు. రాత్రి వెళ్తూ తలుపు లాగాడు. ఆ తలుపు లాగితే చాలు, తాళం దానంతటదే పడిపోతుంది. లోపలినుంచైతే పిడి తిప్పితే వస్తుంది, బయటినుంచి తాళంచెవి లేనిదే రాదు. ఆ తాళంచెవి ఒక్కటే, మేస్త్రి మొలతాడుకే ఉంటుంది.

గురువారం పొద్దున్న — గీతలు కాదు. గుంట. వేలు పట్టేంత.

శుక్రవారం ఆ గుంట రెండు వేళ్ళ లోతు. వీధిలో రాళ్ళ మీద గులాబీ రంగు పొడి. ఇంకో సంగతి... మధ్యలో నిలబెట్టిన ఐదుగురు సిపాయిలూ జరిగారు. ఐదుగురూ నీలం తలుపుకేసి తిరిగి ఉన్నారు.



"లోపలినుంచి ఏదో బయటికి రావాలని చూస్తోందే," అన్నాడు భార్యతో, గుసగుసగా.

"ఫోమ్ లోపలినుంచా? లోపలేముంది?"

"ఏమీ లేదు. అదే భయం."

"వదిలెయ్యండి ఆ తలుపు. ఒక్క తలుపు పాడైతే ఏమైంది?"

"ఆయన మొత్తం వీధిలో పేరుపెట్టి చెప్పింది ఆ ఒక్క తలుపే. అది పాడుగా ఉంటే ఆదివారం చూపించి ఏం లాభం? చూపించకపోతే సోమవారం..."

పక్క గదిలో మంచం కిందనుంచి చిన్న మువ్వ చప్పుడు. రాత్రిళ్ళు ఎటైనా వెళ్ళిపోతారేమోనని తండ్రి కాలికి ఆమే కట్టిన మువ్వ అది.

శనివారం మళ్ళీ గుంట. ఈసారి దిమ్మ సగందాకా. పూడ్చి, రంగు వేసేసరికి రాత్రి పదకొండు. మేస్త్రి పళ్ళు బిగించాడు. ఇవాళ ఇక్కడే ఉంటాను, అది ఎలుకో, దెయ్యమో, దాని తాతో — తేల్చేస్తాను.

లోపలే ఉండి తలుపు లాగాడు. క్లిక్.

ఎందుకైనా మంచిదని ఒకసారి పిడి తిప్పి చూశాడు. తిరిగింది. ఇంకా తిరిగింది. చక్రంలా తిరుగుతూనే ఉంది... ఊడి చేతికొచ్చింది.

సరిగ్గా అప్పుడే బల్బు ఆరిపోయింది. కరెంటు పోయింది.

చీకటి అంటే మామూలు చీకటా! కత్తితో కోసి పెట్టెలో పెట్టుకోవచ్చు. ఫోను పైన ఛార్జింగులో ఉంది. అగ్గిపెట్టె కోసం తడిమాడు, దొరికింది. ఒకటి కాదు, పది పెట్టెలు దొరికాయి. ఒక్క పుల్లకీ తల లేదు. అన్ని తలలూ తనే కత్తిరించాడు, కిటికీల కోసం.

అరిచాడు. ఆ గోడలు అరుపుని మింగి కూర్చున్నాయి. ఇనప తలుపుని గుద్దాడు. పైన మూడంతస్తుల మీద భార్య నిద్రలో ఉంది. తెల్లారేదాకా ఎవరూ రారు.

గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి పీల్చాడు... వదిలాడు. పీల్చాడు... వదిలాడు.

ఆపాడు.

ఊపిరి ఆగలేదు.

గదిలో ఇంకో ఊపిరి ఉంది. బల్ల వైపునుంచి. మెల్లగా, బరువుగా, పరుగెత్తి వచ్చినవాడిలా...

మేస్త్రికి వెనక గోడ వీపుని నెడుతున్నట్టనిపించింది. అట్టలవాడు నిజమే చెప్పాడు. గోడలు వస్తున్నాయి. కాళ్ళు ముడుచుకున్నాడు, ఇంకా ముడుచుకున్నాడు. చివరికి మనిషంతా ఒక కొబ్బరికాయంత అయ్యాడు. ఎంతసేపు అలా ఉన్నాడో! కళ్ళు మూశాడో, తెరిచే ఉన్నాడో, ఆ చీకట్లో తేడా ఏముంది?

ఉన్నట్టుండి...

కిర్...

ఫోమ్‌ని కత్తి కోస్తే వచ్చే చప్పుడది. ముప్ఫై ఏళ్ళుగా వింటున్న చప్పుడే, కానీ తన చెయ్యి లేకుండా ఎప్పుడూ వినలేదు.

కిర్... కిర్... కిర్...

ఆ చప్పుడు మధ్యలో గుసగుస.

"తీస్తున్నా... తీస్తున్నారా... ఒక్క నిమిషం... కొట్టకండి... తీస్తున్నా..."

మేస్త్రి దేవుళ్ళందరినీ వరసగా తలుచుకున్నాడు. సగంలో పేర్లు అయిపోతే మొదటినుంచి మొదలుపెట్టాడు.

"ఇంకా లోపల రాలేదు... ఎంత తవ్వినా లోపల రాదేమిటి..."

టప్పున బల్బు వెలిగింది.

బల్ల ముందు మోకాళ్ళ మీద... తెల్లని జుట్టు, గడ్డం నిండా గులాబీ రంగు పొడి. చేతిలో కాగితాలు కోసే కత్తి.

మావగారు!

కాలికి మువ్వ ఉంది, అందులో ఫోమ్ ముక్క కుక్కి ఉంది. పైనున్నంతసేపు ముక్క తీసి, బయల్దేరేముందు కుక్కుకునేవారన్నమాట. సిపాయి బుర్ర కదా!

మేస్త్రికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ కలిపి ఒక ఎక్కిలి వచ్చింది.

"మావగారూ... రోజూ మీరేనా?"

ఆయన ఉలిక్కిపడలేదు. చెయ్యి ఆపలేదు కూడా. "ఆరుగురం వెళ్ళాం అల్లుడూ," అన్నారు. "ఐదుగురం కాదు."

"కూర్చోండి. ముందు కూర్చోండి."

"నేను ముందు పరుగెత్తాను. ఈ ఇంట్లో దూరాను. గడియ వేశాను. వాళ్ళు వెనకే వచ్చారు..." కత్తి ఆగింది. "కొట్టారు. పేరు పెట్టి పిలిచారు. గోళ్ళతో కూడా..."



"తీయలేదు. చెయ్యి గడియ మీదే ఉంది. మూడు రోజులు గడియ మీదే ఉంది. తీయలేదు."

గదిలో బల్బు జుయ్యిమంటోంది.

"వాళ్ళు కొట్టడం... ఎప్పుడు ఆపేశారు మావగారూ?"

ముసలాయన తల అడ్డంగా ఊపారు. "ఆపలేదు."

ఆ కత్తి మొనతోనే గుంట చూపించారు, ఫిర్యాదు చేస్తున్నట్టు. "వాళ్ళని లోపలికి రానిద్దామని రోజూ తెరుస్తున్నా. తెరిస్తే ఇల్లేదీ? ఎంత తవ్వినా దిమ్మే. ఏమయ్యా, ఇంటికి లోపలే పెట్టలేదేం నువ్వు?"

మేస్త్రి తలదించుకున్నాడు. "బయటినుంచి చూసేదే కదా అని..."

"నేను లోపలున్నాను కదయ్యా!"

ఆ మాట మేస్త్రి చెంప మీద పడ్డట్టయింది.

లేచాడు. మూడో ఇంటిని పునాదితో సహా పైకి పెకలించాడు. వేడి తీగ పెట్టి కింది వైపునుంచి లోపలంతా తోడేశాడు, పుచ్చకాయలో గుజ్జు తీసినట్టు. ఐస్‌క్రీం పుల్లలు పరిచి నేల చేశాడు. మావగారు పక్కన నిలబడి చెబుతున్నారు — ఇక్కడ మెట్లు, ఇక్కడ విరిగిన బల్ల, ఇక్కడ నీళ్ళకుండ, అది పగలలేదు, వింతగా అదొక్కటే పగలలేదు. నీలం తలుపుని విడిగా కోశాడు, గుడ్డపీలికతో బందు వేశాడు. ఇల్లు మళ్ళీ వీధిలో దించాడు.

"తీయండి మావగారూ."

ఆయన చెయ్యి చాచారు. గోరుతో తలుపు అంచు పట్టుకున్నారు... వదిలేశారు. మళ్ళీ పట్టుకున్నారు. నుదుటిమీదనుంచి చెమట చుక్క వీధిలో పడి చిన్న చెరువైంది.



చాలా మెల్లగా... తలుపు తెరుచుకుంది.

ఐదుగురినీ ఒక్కొక్కరినే వేళ్ళతో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు ముసలాయన. ఒక్కొక్కరికీ చెవిలో ఏదో చెప్పారు. ఏం చెప్పారో మేస్త్రి వినలేదు, వినకూడదని ముఖం తిప్పుకున్నాడు.

"మూసేయనా?" అన్నాడు చివరికి.

"వద్దు. ఉండనీ."

అప్పుడు చూశాడు మేస్త్రి — గది ఇనప తలుపు ఓరగా తెరిచి ఉంది. బయట మెట్ల మీద తెల్లవారుతున్న వెలుతురు.

ఇద్దరూ పైకెక్కారు. ముసలాయన మంచం మీద పడుకున్నారు. మంచం కింద కాదు, మంచం మీద! ఆదివారమంతా పడుకునే ఉన్నారు. ఆ గురకకి పై అంతస్తులో గోడగడియారాలు ముందుకి జరిగాయి.

సోమవారం పది గంటలకి బండి వచ్చింది. బావమరిది కాగితాలతో ముందే వచ్చి సోఫాలో కూర్చున్నాడు. "ఒక్కరోజు నిద్రపోతే బాగైనట్టేనా బావా?" అంటున్నాడు.

బండి వాళ్ళకి ఇంటి ఆచారం తెలియదు. వాళ్ళకి చెప్పడం అందరూ మరిచిపోయారు.

ధన్. ధన్. ధన్.

తలుపు మీద మూడు దెబ్బలు.

అందరూ కొయ్యలైపోయారు. కూతురు నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. లోపల గదిలో మంచం కిర్రుమంది.

ముసలాయన బయటికొచ్చారు. గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగే. ముఖం సున్నంలా ఉంది. తలుపు దగ్గర ఆగారు. చెయ్యి గడియ మీదికి వెళ్ళింది... అక్కడే ఉండిపోయింది.

ధన్. ధన్.

ఒక నిమిషం. ఆ ఒక్క నిమిషంలో కూతురికి పదేళ్ళు వయసు పెరిగింది.

గడియ కదిలింది. తలుపు తెరుచుకుంది.

బయట తెల్లబట్టల వాళ్ళిద్దరూ గుటకలు మింగుతూ నిలబడ్డారు. ముసలాయన వాళ్ళని కిందినుంచి పైదాకా చూశారు.

"రండి," అన్నారు. "కాళ్ళు తుడుచుకుని రండి. ఇప్పుడే ఊడ్చారు."

బావమరిది కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముఖం కడుక్కోవాలంటూ స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. బండి ఖాళీగా వెళ్ళిపోయింది, వచ్చినవాళ్ళకి కాఫీలు ముట్టజెప్పాక.

సాయంత్రం మేస్త్రి, భార్య, మావగారు వరండాలో కూర్చున్నారు. మేస్త్రి ఆ శనివారం రాత్రి సంగతి పదోసారి చెబుతున్నాడు. చెప్పినకొద్దీ తను ధైర్యవంతుడవుతున్నాడు.

"కునుకు పట్టినట్టుందే నాకు. ఈయన దొంగ తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చారు, నాకు తెలియనే లేదు. ఆ ఊపిరి ఈయనదే, నేను దెయ్యమనుకున్నా!"

"నాన్నా, ఇంత దొంగవని తెలియదు నాకు," అని నవ్వింది కూతురు. "ఎక్కడ చేయించావు ఆ చెవి?"

"ఇప్పుడైనా ఇచ్చేయండి మావగారూ. గది ఖాళీ చేసేటప్పుడు రెండూ ఇవ్వాలి."

ముసలాయన కాఫీ ఊదుకుంటున్నారు. "ఏ చెవి?"

"గది తాళంచెవండీ."

"నా దగ్గరెక్కడిది?"

మేస్త్రి నవ్వు సగంలో ఉంది. "మరి ఐదు రాత్రులు లోపలికెలా వచ్చారు?"

"ఎలా వస్తారు? తట్టాను."

మేస్త్రి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"తట్టడమంటే నాకెంత భయమో మీకు తెలుసు కదా. మొదటి రాత్రి మెట్ల మీద గంటసేపు నిలబడ్డాను. ఒళ్ళంతా చెమట. తట్టీ తట్టగానే లోపలినుంచి తీశారు."

"ఎవరు నాన్నా?"

ఆయన అల్లుడి వైపు తిరిగారు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"నువ్వే కదయ్యా! చీకట్లో ముఖం కనబడలేదు గానీ..."

మేస్త్రి భార్యకేసి చూశాడు. ఆమె మేస్త్రికేసి చూసింది. మొదటి నాలుగు రాత్రులూ అతను పైన, ఆమె పక్కన, మంచం అదిరేలా గురక పెడుతున్నాడు. అయిదో రాత్రి లోపలే ఉన్నాడు, తీయడానికి తలుపుకి పిడే లేదు.

"ఏమీ అనలేదా... తీసినవాడు?" అడిగాడు మేస్త్రి.

"అన్నావుగా. రోజూ ఒకే మాట." ముసలాయన గ్లాసు కింద పెట్టి, కుడి మణికట్టుని ఎడమచేత్తో మెల్లగా రుద్దుకున్నారు. "'ఎంతసేపట్నించి బయటున్నావు, లోపలికి రా' అని ఇక్కడ పట్టుకుని లాగేవాడివి. అబ్బ, అల్లుడూ... నీ చెయ్యి అంత చల్లగా ఉంటుందేమయ్యా?"